చిన్నాయన బ్యాటు జారిన రోజు

పోయిన నెల మా ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్ళు కర్నూల్లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఒకడు నాకు అల్లుడి వరస, రెండోవాడు వాడి స్నేహితుడు. చేతిలో మైసూరుపాకు పెట్టె. పెద్దపని మీద వచ్చినవాళ్ళ లాగా కుర్చీ అంచున కూర్చున్నారు.

"అత్తా, తాత పేరు మింద టోర్నమెంటు పెడతాండాము. నువ్వు తప్పకుండా రావల్ల. ఆయన బ్యాటు నీ కాడనే ఉండాదంట గదా, అది గూడా తేవల్ల," అన్నాడు అల్లుడు.

వాడు తాత అంటున్నది మా చిన్నాయనను, మా నాయన తమ్ముణ్ణి. ఆయన పోయి మూడేళ్ళయింది. కడప జిల్లాలో మా వైపు క్రికెట్ తెలిసిన ముసలివాళ్ళను ఎవర్నైనా అడగండి, గుంటమగ్గం మీది నుంచి లేచి వచ్చి, కార్కు బంతిని సున్నపుబట్టీల అవతలికి కొట్టిన మనిషి గురించి చెబుతారు. కొట్టిన దూరం చెప్పేవాణ్ణి బట్టి పెరుగుతుంటుంది. ఈ మధ్య పెన్న కూడా దాటిందని విన్నాను. మా ఊళ్ళో మిద్దె ఎక్కి చూసినా పెన్న కనబడదు.

కుర్రాళ్ళు ఫోనులో వాళ్ళు చేసిన వీడియో చూపించారు. వెనక గంభీరమైన సంగీతం, ముందు చిన్నాయన పాత ఫోటో. జిల్లా జట్టుకు ఆటగాళ్ళను ఎంచుకునే రోజున ప్రాణస్నేహితుడే ఆయన బ్యాటు పిడికి ఆముదం పూశాడట. బ్యాటు చేతిలోంచి జారిపోయిందట. ఆ స్నేహితుడు జట్టులో చేరాడట, మహా బ్యాట్స్‌మన్ మగ్గం గుంటలో ఉండిపోయాడట.

"ఇది మీకెవరు చెప్పినార్రా?" అన్నాను.

"చెప్పేదేముందత్తా, అందరికీ తెలిసిందే గదా. ఆ స్నేహితున్ని ఇప్పుటికీ ఆముదమప్ప అనే గదా పిలిచేది."

కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఊరికే నిలబడ్డాను. ఆ ఆముదం కథ అబద్ధం. బ్యాటు జారడానికి కారణం నేను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, ఇప్పుడు అరవై దాటాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట నా నోట్లోంచి బయటికి రాలేదు.

తిరిగొచ్చి చెప్పాను. "బ్యాటు తెస్తాను. ఆయన్ని గూడా పిలిస్తేనే తెస్తాను."

"ఆముదమప్పనా? గలాటా అయితాదత్తా!"

"అయితే కానీ."

మాది నేతగాళ్ళ వీధి. పొద్దున్నే వీధి పొడుగునా పడుగులు పరిచి, నూలుకు గంజి పెట్టేవారు. ఉడికిన గంజి, తడినూలు, ఎండ ఎక్కేకొద్దీ రెండూ కలిసి కాస్త పులిసిన వాసన. కడుపునిండా సంగటి తిన్నా ఆ వాసనకు నాకు మళ్ళీ ఆకలయ్యేది. గంజి కుండలో వేలు ముంచి నాకి జేజితో దెబ్బలు తిన్న రోజులకు లెక్కలేదు. జేజి అంటే మా నాయన వాళ్ళమ్మ. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు.

ఇంట్లో రెండు గుంటమగ్గాలు. ఒకదాంట్లో నాయన, ఇంకోదాంట్లో చిన్నాయన. జేజినాయనకు అప్పటికే చూపు మందగించింది. నేసిన చీరను వేళ్ళతో తడిమి తప్పు పట్టేవాడు. నా పని కండెలు చుట్టడం. రాట్నం తిప్పుతూ చిన్న గొట్టాల మీద దారం చుట్టాలి, ఒక వరస పక్కన ఇంకో వరస, సందు కనబడకుండా. నా అంత బిగువుగా చుట్టేవాళ్ళు ఆ వీధిలోనే లేరని జేజి అందరికీ చెప్పుకునేది. నేనూ నమ్మాను. అదే కొంప ముంచింది.

నేతగాళ్ళకు ఆదివారం సెలవు లేదు. నెలకొక్క అమావాస్య నాడు మాత్రం మగ్గం ముట్టరు. మిగతా లోకమంతా ఏ మంచిపనీ పెట్టుకోని రోజు మాకు పండగ. ఆ రోజు వరన్నం, పప్పు, వీలైతే ఓళిగలు. తిన్నాక వీధి మొత్తం సున్నపుబట్టీల పక్కనున్న బయలుకు పోయేది. మావాళ్ళ మ్యాచులన్నీ అమావాస్యకే. పక్క ఊళ్ళవాళ్ళు జంకుతూ వచ్చి, ఓడిపోయి, తిథిని తిట్టుకుంటూ పోయేవాళ్ళు.

చిన్నాయనకు ఆట ఎవరూ నేర్పలేదు. పొద్దంతా గుంటలో కాళ్ళు తొక్కుతూ, కుడిచేత్తో తాడు లాగి, అడ్డపోగు మోసే నాడెను విసిరే మనిషి. ఆ లాగుడు ఆయన మణికట్టులో ఉండిపోయింది. కాళ్ళ మీదికి వచ్చిన బంతిని ఒక్క విదిలింపుతో పంపేవాడు. దాన్ని మా వీధిలో నాడెదెబ్బ అనేవాళ్ళు. కొట్టాక బంతి ఎక్కడ పడిందో చూసేవాడు కాదు. బ్యాటు అంచు తడుముకునేవాడు, ఎక్కడన్నా చీలిందేమోనని. ఉన్నది ఒకటే బ్యాటు మరి.

అవతలి వికెట్ దగ్గర ఎప్పుడూ ఒకాయనే ఉండేవాడు. కమలాపురం దారిలో ఒక పల్లెలో చేనూ బావీ ఉన్న ఇంటి పిల్లవాడు, చిన్నాయన ఈడువాడు. అమావాస్య పొద్దునే సైకిలు మీద వచ్చేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని. సంచిలో జేజికి శనక్కాయలు, నాకు ఆముదపు ఆకుల కాడలు తెచ్చేవాడు. ఆ కాడలు లోపల డొల్లగా ఉంటాయి, సబ్బునీళ్ళలో ముంచి ఊదితే బుడగలు. ఒకసారి మగ్గంలో దిగి, నేను కూడా నేస్తానని కాళ్ళు తికమకగా తొక్కి పది పోగులు తెంపాడు. జేజి చీపురు తీసుకుంది. చిన్నాయన నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడ్డాడు. ఆయన అంతగా నవ్వడం తర్వాత నేను చూడలేదు.

కడప మ్యాచు కబురు ఎండాకాలంలో వచ్చింది. జిల్లా జట్టును ఎంచుకోవడానికి పెద్దలు కూర్చుంటారు, ఇద్దర్నీ రమ్మన్నారు. అదే వారం నేత పెట్టించే సావుకారు చిన్నాయన నేసిన చీర వెనక్కి పంపాడు. మా చీరలకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఆ పట్టంచు పీచు లేచిపోయింది.

జేజినాయన అరుగు మీద కూర్చుని కొడుకును పిలిచాడు.

"ఏదీ, చెయ్యి సాపు."

చిన్నాయన అరచెయ్యి చాపాడు. ముసలాయన వేళ్ళతో తడిమాడు. బ్యాటు పట్టీ పట్టీ అరచేతుల నిండా కాయలు.

"ఇది నేసే చెయ్యేనా? పట్టు తగులుకుంటాది దీనికి. ఈ కడప ఆట ఒకటి ఆడుకో. వాళ్ళు తీసుకుంటే నీ దోవ నీది. తీసుకోకుంటే బ్యాటు అటక మింద, నువ్వు గుంటలో. ఇంగ నాతో మాట్లాడొద్దు."

"సరే నాయనా," అన్నాడు చిన్నాయన.

నేను రాట్నం దగ్గర కూర్చుని అంతా విన్నాను. నా బుర్రకు ఒకటే తోచింది. చేతులు మెత్తగా ఉంటే గొడవే లేదు. ఆయన బ్యాటు పిడికి పాత సైకిలు ట్యూబు తొడిగి ఉండేది, గరుగ్గా. చేతులు పాడుచేసేది అదేనని తేల్చుకున్నాను. ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం జేజి కునుకు తీస్తుంటే, బొమ్మ జుట్టు కోసం దాచుకున్న పట్టుపీచూ, డబ్బాలోంచి దొంగిలించిన ఒక చిలప, అంటే ఒక చుట్ట, పట్టుదారమూ తీసుకుని, పిడి చుట్టూ చుట్టడం మొదలుపెట్టాను. కండె చుట్టినట్టే, సందు లేకుండా, బిగువుగా. కొసలు ఊడిపోకుండా ఏం చెయ్యాలో నాకు తెలుసనుకున్నాను. మా ఇంట్లో పోగు లేవకుండా ఉండాలంటే గంజి పెడతారు. కుండలోంచి చిక్కటి గంజి తీసి మూడు పూతలు పూసి ఎండలో పెట్టాను. సాయంత్రానికి రాయిలా గట్టిపడి తళతళలాడింది. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

పొద్దున బయల్దేరుతూ చిన్నాయన చూశాడు.

"ఎవురు చుట్టింది ఇది?"

"నేనే. నీ చేతులు మెత్తగా ఉంటాయని."

మామ బ్యాటు అందుకుని పిడి మీద బొటనవేలు రాశాడు. "తీసెయ్యప్పా. కొత్త చుట్టు, చేతికి అలవాటు లేదు. ఈ పొద్దు వద్దు."

చిన్నాయన నా మొహం చూశాడు. "ఉండనీలే. పాప చుట్టింది," అన్నాడు.

ఆ రోజు అమావాస్య కాదు. మామూలు మంగళవారం నాడు మగ్గం ఆపి, మా నాయన నన్ను వెంటేసుకుని బస్సెక్కాడు. జేజి గుడ్డలో బొరుగులు మూటగట్టి ఇచ్చి, మంచిది కాదు మంచిది కాదు అని గొణుగుతూనే ఉంది.

కడప ఎండ గురించి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. గ్రౌండు చుట్టూ నీడన్నదే లేదు, ఒక్క షామియానా తప్ప. దానికింద ఎంచుకునే పెద్దలు కూర్చున్నారు. చిన్నాయన, మామ కలిసి ఆడారు. గంటసేపు నేను చూసిన ఆట ఇప్పుడు టీవీలో ఎవరు ఆడినా నాకు కనబడదు. నా మనిషి కాబట్టి అలా అంటున్నానేమో, అనుకోండి. నాడెదెబ్బ కొట్టినప్పుడల్లా షామియానా కింద ఒక పెద్దాయన పక్కవాడి మోకాలు తట్టేవాడు. నాయన నా చెయ్యి నొప్పెట్టేటట్టు పట్టుకున్నాడు.

మధ్యలో నీళ్ళకు ఆపారు. చిన్నాయన చెంబెడు నీళ్ళు నెత్తిన పోసుకుని, చేతులు కడుక్కుని, తడిచేతుల్తోనే బ్యాటు పట్టుకున్నాడు. తర్వాత రెండు బంతులకు ఒకసారి చేతులు ప్యాంటుకు తుడుచుకోవడం చూశాను. అరువు తెచ్చుకున్న ప్యాంటు మీద తెల్లటి చారలు పడ్డాయి. అవేమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. గంజి కరుగుతోంది, కింద వట్టి పట్టు. లేచి అరవాలనుకున్నాను. బొరుగుల మూట ఒళ్ళో నొక్కి పట్టుకున్నాను.

పొట్టిగా ఎగిరిన బంతిని లాగి కొట్టబోయాడు. బ్యాటు చేతుల్లోంచి జారి గాలిలో రెండు చుట్లు తిరిగి పక్కనున్న అంపైరు కాళ్ళ దగ్గర పడింది. బంతి మెల్లిగా లేచి ఎవరి చేతుల్లోనో పడింది. షామియానా కింద నవ్వులు. "బ్యాటే పట్టుకోలేకపాయె," అన్నారెవరో.

మామ పరుగెత్తి బ్యాటు తీసి ఇచ్చాడు. ఇచ్చేముందు పిడి వైపు ఒకసారి, చిన్నాయన వైపు ఒకసారి చూశాడు. మామ చివరిదాకా నిలిచి ఆడాడు. సాయంత్రం ఆయన పేరు చదివారు, చిన్నాయన పేరు చదవలేదు.

ఊరు చేరేసరికి వీధంతా మా అరుగు దగ్గర ఉంది. చీకట్లో బ్యాటు చేతులు మారింది. పట్టు చుట్టు మీద ఎవరి కన్నూ ఆగలేదు, గంజి వాసన మా వీధిలో ఎవరి ముక్కుకూ కొత్త కాదు.

"జిగటగా ఉండాది, సూడండప్పా!"

"ఎవుడో ఏందో పూసినాడు."

"సంచి మోసుకొచ్చినోడు ఎవుడు? ఆ పిలగాడే గదా."

"వాళ్ళ శేను గట్లంతా ఆముదం చెట్లే!"

అంతే, విచారణ అయిపోయింది. చిన్నాయన కాళ్ళు కడుక్కుంటూ అన్నీ విన్నాడు. "జారింది, అంతే. ఎవురేం చేయలే," అన్నాడు. దారం మాట ఎత్తలేదు. జనం దాన్నీ ఆయన మంచితనం ఖాతాలోనే వేశారు. చూడు, అంత మోసం చేసినా స్నేహితుణ్ణి బయటపెట్టలేదు అన్నారు. కాదన్న మాటతోనే అబద్ధం గట్టిపడింది.

తర్వాత పెరట్లోకి పోయి, బ్లేడుతో ఆ పట్టు కోసి, ఉండచుట్టి పొయ్యిలో వేశాడు. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. తలుపు వెనక ఉన్న నన్ను చూసి, "సంగటి తిన్న్యావా పాపా?" అన్నాడు. తిన్నానని అబద్ధం చెప్పాను.

ఆ తర్వాతి అమావాస్యకు మామ ఎప్పటిలాగే సైకిలు మీద వచ్చాడు. వీధి మొదట్లోనే మొగపిల్లలు అందుకున్నారు. "ఆముదమప్ప వచ్చినాడు, పిడి దాచిపెట్టుకోండి!" ఆయన ముందు అర్థంకానట్టు నవ్వాడు. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు లేదు. చిన్నాయన గడపలో నిలబడి, "ఎండన పడి వచ్చినావు, నీళ్ళు తాగు," అన్నాడు. మామ నీళ్ళు తాగాడు. ఇంకేదో మాట వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాడు. రాలేదు. నాకు కాడలు ఇచ్చి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా వీధికి రాలేదు. నేను ఆ కాడలతో బుడగలు ఊదలేదు. గూట్లో ఎండిపోయాయి.

చిన్నాయన ఎందుకు చెప్పలేదో నాకు ఈ రోజుకీ సరిగ్గా తెలియదు. నన్ను తిట్టకూడదని కావచ్చు. ఆడపిల్ల చుట్టిన దారానికి ఓడిపోయాడని ఎక్కిరిస్తారని కూడా కావచ్చు. జేజినాయన అన్నమాట ప్రకారం బ్యాటు అటకెక్కింది. ముసలాయన పోయాక మళ్ళీ దిగింది. జుట్టు తెల్లబడేదాకా చిన్నాయన అమావాస్యలకు ఆడాడు. ప్రొద్దుటూరు నుంచీ నంద్యాల నుంచీ జనం చూడ్డానికి వచ్చేవారు. ఆయన పేరు పెరిగేకొద్దీ కథలో మామ పాపం కూడా పెరిగింది. మామ జిల్లాకు రెండే మ్యాచులు ఆడి మానేశాడని విన్నాను. ఆయన పిల్లల్ని బడిలో ఆముదమోళ్ళు అనేవారట. అది కూడా విన్నాను. విని ఊరుకున్నాను. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, పిల్లలకు అబద్ధం చెప్పకూడదని నేర్పాను.

పోయేముందు చిన్నాయన బ్యాటు నాకు పంపాడు. "పాపకు ఇయ్యి," అన్నాడట చిన్నమ్మతో. ఇంకేమీ అనలేదట. పిడి మీద మళ్ళీ సైకిలు ట్యూబే ఉంది.

కుర్రాళ్ళు మామను పిలవరని నాకు తెలుసు. అందుకే టోర్నమెంటుకు ముందురోజు నేనే కమలాపురం పోయి, ఆటో మాట్లాడుకుని ఆ పల్లెకు వెళ్ళాను. రచ్చకట్ట దగ్గర ఒకావిడను, పాతకాలంలో క్రికెట్ ఆడిన పెద్దాయన ఇల్లు ఎక్కడని అడిగాను.

"ఓ, ఆముదమప్ప ఇల్లా?" అంది.

"ఆఁ, అదే," అన్నాను.

మామ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చేతికర్ర. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పేశాను, పట్టు, గంజి, మూడు పూతలు. చెబుతూ ఏడ్చాను. ఆయన ఏడవలేదు.

"నాకు ఆ పొద్దే తెలుసు," అన్నాడు. "బ్యాటు తీసిచ్చింది నేనే గదమ్మా. మీ ఇంట్లో అన్నిసార్లు తిన్నోన్ని, గంజి వాసన తెలీదా?"

"మరి ఎందుకు చెప్పలేదు మామా?"

"తొమ్మిదేండ్ల పాప మింద పెట్టి నేను తప్పించుకోవాల్నా? చెప్పాల్సింది మీ చిన్నాయన. చెప్తాడులే అని చూసినా. ప్రతి అమావాస్యకూ చూసినా." కర్ర కొనతో నేల గీస్తూ ఉండిపోయాడు. "వాడు పోయినాడని తెలిసినాక చూసేది మానేసినా."

"రేపు రా మామా. అందరి ముందర నేను చెప్తా."

"ఇప్పుడా?" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. ఊరికే అడిగాడు.

అయినా వచ్చాడు. సున్నపుబట్టీలు ఇప్పుడు లేవు, ఆ బయలు చుట్టూ ఇళ్ళు. పెద్ద ఫ్లెక్సీలో చిన్నాయన బ్యాటు ఎత్తి నిలబడ్డాడు. మామ చివరి వరసలో ఒక కుర్చీలో కూర్చున్నాడు, రెండు పక్కలా కుర్చీలు ఖాళీ.

నన్ను మైకు దగ్గరికి పిలిచారు. బ్యాటు చేత్తో పట్టుకునే చెప్పాను. "ఈ బ్యాటుకు ఎవురూ ఆముదం పూయలేదు. నేను పట్టు చుట్టి గంజి పెట్టినా. తడికి జారింది. తీసెయ్యమని ఆ పొద్దు చెప్పింది అదో, ఆ చివర కూచున్న ఆయన ఒక్కడే. మీ అందరికంటే ముందు మా చిన్నాయనకు ఈ సంగతి తెలుసు. ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అంత పెద్ద ఆటగానికి ఆ ఒక్క మాట చెప్పేదానికి ధైర్యం చాలలేదు."

ఫ్లెక్సీ కింద నిలబడి ఆ మాట అనడం నాకు కష్టమైంది. తర్వాత ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు, ఆ వెనకే అందరూ. ముందు వరసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. వాళ్ళకు అది చక్కటి చిన్ననాటి కథ. నా అల్లుడు మాత్రం మొహం ఎర్రబడి, మైకు లాక్కుని, మొదటి బంతికి పెద్దాయనే బ్యాటు పట్టాలన్నాడు. మంచి పిల్లవాడే.

"ఇప్పుడు తాత బ్యాటుతో ఆట మొదులుపెట్టేదానికి, తాత స్నేహితుడు, మన ఆము..." అని నాలుక కరుచుకున్నాడు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు వంగాడు. "అత్తా, ఆయన పేరేంది?"

చెప్పడానికి నోరు తెరిచాను. "మామ" అనే పిలుపు తప్ప ఏమీ రాలేదు. చిన్నాయన ఆయన్ని అప్పా అనేవాడు, జేజి అబ్బోడా అనేది, ఆ తర్వాత యాభై ఏళ్ళు ఊరంతా ఒకటే పేరు. కడపలో ఆ సాయంత్రం ఆయన పేరు చదివారు, నేను విన్నాను. ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ముందురోజు ఆయన ఇంటికి దారి అడిగినప్పుడు కూడా ఆ పేరుకే తలూపాను.

అప్పటికి మామ కర్ర ఊతంతో ముందుకు వచ్చేశాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఆయనకు అర్థమైంది.

"అట్లనే పిలువప్పా," అన్నాడు వాడితో. "ఇంగో పేరుతో పిలిస్తే అది నన్నేనని నాకే తెలీదు."

వాడు నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. మైకులో ఆ పేరే వినబడింది, చివర గారు చేర్చి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మామ నా దగ్గరికి వచ్చి బ్యాటు అందుకుని, పిడి మీద బొటనవేలు ఒకసారి రాసి చూసుకుని, ఎండలోకి నడిచాడు. నేను మాత్రం మైకు పక్కనున్న కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను.